తాతయ్య సుత్తి, బేగం డిక్కీ

నా చిన్నప్పుడు మా తాతయ్య సుత్తి మోగని రోజు వారంలో ఆదివారం ఒక్కటే. ఆ రోజు కూడా చర్చిలో ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, ముందున్న బల్ల మీద వేలితో టక్కుటక్కుమని కొడుతూ కూర్చునేవాడు. నాయనమ్మ మోచేత్తో డొక్కలో పొడిస్తే ఆపేవాడు, ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే మళ్ళీ కొట్టేవాడు. మిగతా రోజుల్లో పంజాగుట్టలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దున మొదలైన మోత పొద్దుగూకేదాకా ఆగేది కాదు. మా గల్లీలో పుట్టిన పిల్లలు ఆ మోతలోనే నిద్రపోవడం నేర్చుకున్నారు.

తాతయ్య పాత విదేశీ కార్ల బాడీలు బాగుచేసేవాడు. దేవిడీల్లో, పెద్ద బంగళాల్లో ఎవరి తాతలో కొన్న ఇంగ్లండు కార్లు, జర్మనీ కార్లు వెనక కొట్టంలో పడి ఉండేవి. వాటిలో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ఇంట్లో ఏదో పెళ్ళి కుదిరి, పెళ్ళికొడుకు ఆ కార్లోనే ఊరేగాలని ఎవరికో బుద్ధి పుట్టినప్పుడు దాన్ని తాళ్ళు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చేవారు. వాటికి సామాన్లు ఎక్కడా దొరకవు. తుప్పు తిన్న మడ్‌గార్డు కావాలంటే చదును రేకు తెచ్చి, ఇసుక సంచి మీద పెట్టి, ఆ వంపు వచ్చేదాకా కొట్టుకోవాల్సిందే. ఇంజన్ల సంగతి సనత్‌నగర్‌లో వేరే వాళ్ళు చూసేవాళ్ళు. బాడీ మాత్రం తాతయ్యదే.

ఆయన చెయ్యి ఎంత నిదానమో నోరు అంత దురుసు. కోపం ముక్కు మీదే ఉండేది. సాపు చేసిన తలుపు మీద టీ గ్లాసు పెట్టినందుకు ఒక పెయింటరు చెంప పగిలింది. మాట మార్చినందుకు ఒక కార్ల బ్రోకరు ముందు పళ్ళు రాలాయి. ఆ బ్రోకరు తర్వాత కూడా వచ్చేవాడు కానీ గేటు దగ్గరే నిలబడి మాట్లాడి పోయేవాడు. అమీర్‌పేట కూరగాయల మార్కెట్ దాకా ఆయన సంగతి తెలియని వాళ్ళు లేరు. ఆ కోపంలో నా వాటా నాకూ ముట్టింది. బడిలో నా జడ గుంజిన పిల్ల నుదురు పలకతో పగలగొట్టి ఇంటికి వస్తే అమ్మ కొట్టింది, నాయనమ్మ దేవుడి పేరు చెప్పి మరీ కొట్టింది. తాతయ్య మాత్రం కొట్టలేదు. చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకుపోయి పని చెప్పాడు.

ఆ పని నాలాంటి చిన్న మనిషే చేయగలిగేది. సొట్ట తీయాలంటే బయట నుంచి సుత్తితో కొడితే సరిపోదు, లోపలి వైపు రేకుకు ఆనించి ఒక ఇనుప దిమ్మె పట్టుకోవాలి. సుత్తికీ దిమ్మెకూ మధ్య నలిగి రేకు దారికొస్తుంది. కొన్ని మూలల్లో పెద్దవాళ్ళ చెయ్యి దూరదు. నేను దూరేదాన్ని. డిక్కీలో పడుకుని, మూత వేసేసిన చీకట్లో, దిమ్మె పట్టుకుని తాతయ్య దెబ్బ కోసం ఎదురుచూసేదాన్ని.

అయితే తాతయ్య ఒక్క దెబ్బ కూడా చెప్పకుండా కొట్టేవాడు కాదు. ముందు సుత్తిని రేకు మీద ఊరికే ఆనించినట్టు తట్టేవాడు. దెబ్బ అక్కడ పడుతుందని దానర్థం. నేను దిమ్మెను అక్కడికి జరిపేదాన్ని, లేదా వేళ్ళు తీసేసేదాన్ని. ఆ తర్వాతే అసలు దెబ్బ. బయట నిలబడి చూసేవాళ్ళు ఆ తట్టు విన్నా సుత్తి ఎగిరిపడిందనుకునేవాళ్ళు. ఎందుకు తట్టాలని ఒకసారి అడిగాను.

"తట్టి సూస్తే రేకు ఏడ మెత్తగుందో ఏడ గట్టిగుందో అదే చెప్తది. కోపం మీద కొట్టినవనుకో, సాగుతది. సాగిన రేకు మళ్ళ ఎనకకు రాదు బిడ్డా," అన్నాడు. పళ్ళు రాలగొట్టే మనిషి నోట ఆ మాట వింటే నాకు నవ్వొచ్చింది. నవ్వితే నెత్తి మీద ఒక్కటి మొట్టాడు, అది మాత్రం తట్టకుండానే.

ఆ వేసవి సెలవుల్లో షెడ్డులో ఉన్నది ఒక నల్ల ఇంగ్లండు కారు. పాత నవాబుల ఇంటిది, ఇంత పొడుగు, ఇంత వెడల్పు. షెడ్డుకు వచ్చే ప్రతి కారుకూ తాతయ్య ఒక పేరు పెట్టేవాడు, దీనికి 'బేగం' అని పెట్టాడు. దాని మడ్‌గార్డులు రెండూ ఆయన చేత్తో పుట్టినవే. ఏడాది పైగా దాని మీదే పని చేశాడు. ఇక డిక్కీ మూత మీద చిన్న చిన్న మిట్టలు సాపు చేస్తే రంగుకు పోవచ్చు. ఆ మధ్యాహ్నం నేను డిక్కీలో పడుకుని దిమ్మె పట్టుకున్నాను. మూతకు పిడి ఇంకా బిగించలేదు, పిడి రావాల్సిన రంధ్రంలోంచి లోపలికి కాస్త వెలుగు వచ్చేది. దానికి కన్ను ఆనిస్తే షెడ్డు సగం కనపడేది.

ముందు అమీర్‌పేట వైపు నుంచి అరుపులు వినిపించాయి. తర్వాత గోడ దూకిన చప్పుడు. మూత ఒక్కసారిగా తెరుచుకుంది. ఎండ కళ్ళల్లో పడి ఏమీ కనపడలేదు. కనపడేసరికి తాతయ్య ఒక మనిషిని మెడ పట్టుకుని లోపలికి తోస్తున్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు. చొక్కా చిరిగిపోయింది, ఒక చెవి సగం తెగి వేలాడుతోంది. డీజిలు వాసన, నెత్తురు వాసన.

"పెద్దాయనా, సంపుతరు నన్ను. పోరడు సైకిల్ మీద అడ్డమొచ్చిండు, బ్రేకు తొక్కిన, నిజంగ తొక్కిన," అంటున్నాడు. మార్కెట్‌కు కూరగాయలు దించే టెంపో డ్రైవరని ఆ మాటల్లోనే తెలిసింది.

తాతయ్య అతని మాట వినడం లేదు. నన్ను చూశాడు. నన్ను బయటికి లాగుదామని చెయ్యి చాచాడు కూడా. అప్పటికే గేటు విరుగుతోంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తట్టు ఇనుకుంట ఉండు. ఈణ్ణి అరవనీకు," అని మూత వేసేశాడు.

వెంటనే మూత మూల మీద తట్టు, దాని వెనకే పెద్ద సుత్తితో దెబ్బ. మూత అంచు వంగి బాడీలోకి కొరుక్కుపోయింది. ఇక ఆ మూత లోపలి నుంచి గానీ బయటి నుంచి గానీ రాదు. అది నాకు తెలుసు, డ్రైవరుకు తెలియదు. అతను కాళ్ళతో తన్నబోతే మోకాలి మీద దిమ్మెతో కొట్టాను.

రంధ్రంలోంచి చూస్తే షెడ్డు నిండా కాళ్ళు. ఇనుప రాడ్లు, సైకిల్ చెయిన్లు, ఎవడి చేతిలోనో మార్కెట్ తక్కెడ కర్ర. ముందున్నవాడు భారీ మనిషి, మెడలో తువ్వాలు. దెబ్బ తిన్న పిల్లవాడి మేనమామట. ఏడుస్తున్నాడు. చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెడుతూ, "నా అల్లుడు సచ్చిపోయిండు, వాణ్ణి నాకియ్యుండ్రి, నా చేతులతోని సంపుత," అని అరుస్తున్నాడు. ఆ ఏడుపు విని నాకు వాళ్ళ మీద కంటే నా పక్కన పడుకున్న మనిషి మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

పెయింట్ డబ్బాలు తన్నారు. సామాన్ల బల్ల తిరగేశారు. ఎవరూ దొరకకపోయేసరికి తాతయ్య మీద పడ్డారు. తక్కెడ కర్ర ఆయన భుజం మీద విరిగింది. ఇంకొకడు చెయిన్ తిప్పి కొడితే కనుబొమ్మ చీలి నెత్తురు కన్నులోకి కారింది. ఆయన చేతిలో సుత్తి ఉంది. ఒక్కసారి తిప్పితే వాళ్ళలో ఎవడో ఒకడి పుర్రె పగిలేది. తిప్పాలని నేను లోపల పళ్ళు కొరుక్కుంటూ కోరుకున్నాను. ఆయన తిప్పలేదు. మా తాతయ్య దెబ్బ తిని ఊరుకోవడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

అప్పుడు ఎవడో కేక పెట్టాడు. "గీడ నెత్తురుంది! డిక్కీ మీద!"

అందరూ కారు చుట్టూ మూగారు. రంధ్రం ముందు ఎవరి చొక్కానో అడ్డం వచ్చి లోపల చీకటైపోయింది. మూత పట్టుకుని గుంజారు. కారు మొత్తం ఊగింది, మూత కదల్లేదు. "లోపట్నే ఉన్నడు, గడ్డపార తేండ్రి," అన్నాడు మేనమామ.

"ఆ నెత్తురు నాదిరా," అన్నాడు తాతయ్య. "నా బండి మీద చెయ్యేస్తరా మీరు? ఏడాది కష్టం నాది! మీకు అనుమానముంటే నేనే పగలగొడ్త. లోపట మనిషుంటే దెబ్బకు అరుస్తడు గదా. జరగుండ్రి!"

ముసలాయన కోపం సంగతి అందరికీ తెలుసు. జరిగారు.

ఆ తర్వాత జరిగింది ఎంతసేపో నాకు తెలియదు. ఎడమ పక్క తట్టు పడింది. నేను డ్రైవరు జుట్టు పట్టుకుని కుడి పక్కకు గుంజాను. అప్పటిదాకా అతని తల ఉన్న చోట మూత పిడికిలంత లోపలికి దిగింది. చెవుల్లో గుయ్యిమంది. మళ్ళీ తట్టు, ఈసారి నా కాళ్ళ మీద. ముడుచుకున్నాను. దెబ్బ. తట్టు, జరగడం, దెబ్బ. తుప్పు పొడి కళ్ళల్లో పడుతోంది. మూత ప్రతి దెబ్బకూ కిందికి వస్తోంది, మా ఇద్దరికీ ఉన్న జాగా చిక్కిపోతోంది. డ్రైవరు గొంతులోంచి ఏదో చప్పుడు మొదలైతే నా అరచెయ్యి అతని నోట్లో కుక్కాను. అతను కొరికాడు. కావాలని కొరకలేదు, భయానికి దవడ బిగుసుకుపోయింది. అతని ఊపిరి ముక్కులోంచి నా మణికట్టు మీద వేడిగా కొడుతోంది. నాకు ఏడుపు వచ్చింది, ఆ మనిషిని చంపేయాలనిపించింది, అతను అరవకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. మూడూ ఒకేసారి.

బయట తాతయ్య బూతులు తిడుతూ కొడుతున్నాడు. చర్చికి పోయే మనిషి నోట రాని బూతు లేదు ఆ రోజు. "ఉన్నడా? అరిసిండా? ఇనబడ్తుందా?" అని ప్రతి దెబ్బకూ అడుగుతున్నాడు. గుంపులో చప్పుడు తగ్గింది.

అప్పుడే తట్టు లేకుండా ఒక దెబ్బ పడింది. రాడ్ మొన రేకును చీల్చుకుని లోపలికి వచ్చి నా ఎడమ చేతి ఉంగరపు వేలు మీద దిగింది. అది తాతయ్య చెయ్యి కాదని నాకు నొప్పి కంటే ముందు తెలిసింది. మేనమామ ఆగలేక తనూ ఒకటి వేశాడు. నా వేలు ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. పెదవి కొరుక్కున్నాను. నోట్లోకి నెత్తురు వచ్చింది కానీ అరుపు రాలేదు.

"సూసినవా? ఎవ్వడు లేడు," అన్నాడు తాతయ్య.

వాళ్ళకు ఇంకా కసి తీరలేదు. బేగం అద్దాలు పగలగొట్టారు, దీపాలు తన్నారు. తాతయ్య తన చేత్తో పుట్టించిన మడ్‌గార్డును తానే సుత్తితో కొట్టి, "ఇది గూడ తీస్కపోండ్రి," అన్నాడు. అది చూసి ఎవడో నవ్వాడు. పిచ్చి ముసలోడన్నారు. అక్కడి నుంచి టెంపోను తగలబెట్టడానికి చౌరస్తా వైపు పోయారు. కాసేపటికి కాలిన టైరు వాసన మా షెడ్డు దాకా వచ్చింది.

మూత తీయడం తాతయ్య వల్ల కాలేదు. ఉలి పెట్టి రేకు కోయాల్సి వచ్చింది. సుత్తి ఉలి మీద పడకుండా ఆయన బొటనవేలి మీద పడుతోంది. ఆ చీలికలోంచి నన్ను బయటికి లాగి, తల తడిమి, కాళ్ళు తడిమి, వేలు చూసి, నేల మీద కూలబడి ఏడ్చాడు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన నాయనమ్మకు సంగతి అర్థమవగానే చేతిలో ఉన్న గరిటెతో ఆయన్ను వీపు మీద, చేతుల మీద ఎక్కడ పడితే అక్కడ కొట్టింది.

"నా కొడుకు బిడ్డ మీద సుత్తెత్తినవా! ఒక్కటి అటిటైతే? నీ చేతులు ఇరిగిపోను!"

ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. "దానికి నా చెయ్యి తెలుసే," అని మాత్రం అన్నాడు.

డ్రైవరు గోడకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. నా వేలికి నాయనమ్మ పుల్ల కట్టి బట్ట చుడుతుంటే ఆ నొప్పికి నా కోపం నెత్తికెక్కింది. మంచి చేత్తో చిన్న సుత్తి అందుకుని అతని మీదికి పోయాను. పిల్లవాణ్ణి చంపినవాడి కోసం నా వేలు ఎందుకు పోవాలి? తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"తప్పు జేసినోణ్ణి ఎందుకు దాచినవ్?" అని అరిచాను.

"జేసిండో లేదో నాకు తెల్వది."

"వాళ్ళు చెప్పిండ్రు కదా!"

"వాళ్ళకు సుత తెల్వది. ఎవ్వలకు తెల్వనప్పుడు సంపుడేందే? తెల్సినా, గది మన పని గాదు. ఠాణా ఉంది, కోర్టుంది." సుత్తి నా చేతిలోంచి తీసుకుని తిరగబడ్డ బల్ల కింద పెట్టాడు.

గుంపు చెదిరాక ఆయనే డ్రైవరును చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఠాణాకు పోయాడు. దారిలో ఎవరైనా గుర్తుపడితే తన వెనక దాక్కోమన్నాడట. రాత్రి అన్నం తినలేదు. షెడ్డులో బేగం ముందు కూర్చుని మడ్‌గార్డు మీద చెయ్యి రాస్తూ ఉండిపోయాడు.

తర్వాత తెలిసింది, పిల్లవాడు చావలేదు. తొడ ఎముక విరిగింది, అంతే. చచ్చిపోయాడన్నమాట ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. ఆ కబురు చెప్పడానికి మేనమామే మా గేటు దగ్గరికి వచ్చాడు, విరగ్గొట్టిన గేటుకు కొత్త చెక్క కూడా మోసుకొచ్చాడు. నా కట్టు చూసి, పాపకు ఏమైందని అడిగాడు. తాతయ్య దాచకుండా చెప్పాడు. ఆ భారీ మనిషి చెక్క పక్కన పడేసి, మట్టిలో కూర్చుని రెండు చేతులతో తన తల తాను బాదుకున్నాడు. నాయనమ్మ వద్దు వద్దంటున్నా ఆగలేదు. నేను తలుపు చాటు నుంచి చూశాను. ఆయన మీద నాకు కోపం రావాలి. రాలేదు, భయం వేసింది. మంచివాడే. మంచివాడి చేతిలోనే నేను చావాల్సింది.

బేగం మళ్ళీ మా చేతికి రాలేదు. నవాబుల ఇంటి వాళ్ళు వచ్చి చూసి, తాతయ్య చెప్పింది సగం విని, తిట్టి, కారును వేరే షెడ్డుకు తోలించుకున్నారు. ఎక్కడ కొట్టినా మళ్ళీ సాపు చేయగలిగే చోటే కొట్టానని, నెలల్లో నిలబెడతానని ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఆ ఇంటివాళ్ళను చూసి మిగతా బంగళాల వాళ్ళూ మానుకున్నారు. తాతయ్య ఆ తర్వాత ఆటోలకు, లూనాలకు సొట్టలు తీస్తూ బతికాడు. ఆ మడ్‌గార్డుల సంగతి వస్తే మాత్రం మాట మార్చేవాడు. ఆయన కోపం కూడా ఏమీ తగ్గలేదు, ఆయన సాధువు అయిపోయాడని రాస్తే అది అబద్ధం. చచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను, యూసుఫ్‌గూడలో ఉంటున్నాను. క్యాజువాలిటీలో ఉన్నన్నాళ్ళూ గుంపు చేతిలో పడి వచ్చిన మనుషులను చూశాను. తెచ్చిన పోలీసులను ఏం చేశాడని అడిగితే, "ఏదో చేసిండంట సిస్టర్," అనేవాళ్ళు. ఆ 'ఏదో' ఏమిటో తేలకముందే చాలామంది పోయేవాళ్ళు.

మొన్న అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగుతుంటే కింద గుంపు కనపడింది. కోచింగుకు వచ్చిన కుర్రాళ్ళు, కొట్ల వాళ్ళు, ఆఫీసు బ్యాగులు తగిలించుకున్న వాళ్ళు. మధ్యలో ఒక మనిషి పడి ఉన్నాడు. కొట్టేవాళ్ళు కొడుతుంటే మిగతావాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నా పక్కనున్న కుర్రాణ్ణి ఏం జరిగిందని అడిగాను.

"ఫోన్ కొట్టేసిండంట ఆంటీ."

"కాదు, పిల్లను ఎత్తుకపోతుండంట," అన్నాడు వాడి వెనక వాడు.

బూట్లతో తంతున్నారు. ఆ మనిషి నోరు తెరుచుకుని ఉంది కానీ అరుపు రావడం లేదు. నా మోకాళ్ళు మెట్లే సరిగ్గా దిగవు, అయినా చేతిసంచి అడ్డం పెట్టుకుని తోసుకుంటూ పోయాను. పోయి అతని పక్కన నేల మీద కూర్చుని, అతని తల నా ఒళ్ళోకి లాక్కుని వంగాను. ఎవడో చూసుకోకుండా తన్నిన తన్ను నా వీపులో పడి ఊపిరి ఆగినంత పనైంది. "ముసలామె రా, ఆగుండ్రి," అన్నారు ఎవరో. "ఆంటీ, లేవండి. మీకెందుకండీ? వాడు దొంగ," అని ఒకాయన మర్యాదగా నా భుజం పట్టుకుని లేపబోయాడు. ఆయన ముఖం కూడా మంచి ముఖమే. మీరు చూశారా అని అడిగాను. ఆయన పక్కవాడి వైపు చూశాడు, ఆ పక్కవాడు ఇంకొకరి వైపు చూశాడు.

పోలీసు బండి వచ్చేదాకా నేను అలాగే ఉన్నాను. నెత్తురు నా చీరంతా అయింది. అతణ్ణి ఎక్కించుకుని పోయారు, నన్నెవరూ ఏమీ అడగలేదు. అతను దొంగో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టే అక్కడి నుంచి లేవలేదు.